కుమ్మరింటి పిడత

అనగనగా, ఏటి ఒడ్డున బంకమట్టి దండిగా దొరికే ఒక ఊళ్ళో ఒక కుమ్మరాయన ఉండేవాడు. ఆయన పేరు అప్పన్న. ఆయన పెళ్ళాం పేరు గవరమ్మ. ఇటు తిరిగి పడుకో చిట్టీ, దుప్పటి కాళ్ళ దాకా లాక్కో. ఆఁ, అలా.

ఈ కథ గవరమ్మది. ఒక కుక్కది కూడా అనుకో. కానీ కుక్క ఇంకా రాలేదు, కాసేపాగు.

అప్పన్న సారె తిప్పితే చూడాలి! మట్టిముద్ద దానంతటదే పైకి లేచి, పొట్ట పెంచుకుని, మెడ సాచుకుని కుండయి కూర్చునేది. గవరమ్మ మట్టి తొక్కేది, అందులో రాళ్ళేరేది, చేసిన కుండల్ని వాకిట్లో ఆరబెట్టేది. వాళ్ళకి పిల్లల్లేరు. ఇద్దరే ఇద్దరు. పని చేసుకుంటూ పొద్దస్తమానం ఏవో కబుర్లు చెప్పుకునేవాళ్ళు.

అప్పుడు ఒక ఏడాది అప్పన్నకి పెద్ద జ్వరం వచ్చింది. మూడు వారాలు మంచం దిగలేదు. ఆ తర్వాత జ్వరం తగ్గింది, ప్రాణం నిలబడింది. కానీ చెవులు పోయాయి. రెండు చెవులూ! ఉరిమినా వినపడదు, పక్కన డప్పు కొట్టినా వినపడదు. తన గొంతు తనకే వినపడక, ఆయన మాట్లాడటం కూడా తగ్గించేశాడు.

గవరమ్మ ఆయన్ని "మావా" అని పిలిచేది. మొదట్లో అలవాటు కొద్దీ పిలిచేది. ఆయన తిరిగేవాడు కాదు. అలా కొన్నాళ్ళు చూసి, ఇక పిలవడమే మానేసింది. ఏం కావాలన్నా చేతిలో పని వదిలి, లేచి వెళ్ళి, భుజం తట్టేది.

ఒకరోజు అప్పన్న మట్టి తట్ట నెత్తిన పెట్టుకుని దారమ్మట వస్తుంటే వెనక నుంచి ఎడ్లబండి వచ్చింది. బండివాడు "తప్పుకో, తప్పుకో" అని అరిచాడు. ఎవరికి వినపడుతుంది? ఎద్దు కొమ్ము తగిలి అప్పన్న బోర్లా పడ్డాడు. భుజం ఎముక పక్కకి జరిగింది. నెల్లాళ్ళు కట్టు కట్టుకుని కూర్చున్నాడు.

ఆ తర్వాత నుంచి గవరమ్మ ఆయన్ని వదిలి ఎక్కడికీ వెళ్ళలేదు. ఏటికి నీళ్ళకి వెళ్ళినా పరిగెత్తుకుంటూ వచ్చేసేది. ఏటవతల ఊళ్ళో ఆమె అక్క ఉండేది, నూకాలమ్మని. "ఒక్కసారి వచ్చి పోవే" అని కబురు మీద కబురు పంపేది. గవరమ్మ వెళ్ళలేదు. అయిదేళ్ళు. అయిదేళ్ళు అక్క మొహం చూడలేదంటే ఎలా ఉంటుందో నువ్వే అనుకో.

ఇదిగో, ఇప్పుడొస్తుంది కుక్క.

ఒక ఎండాకాలం పొద్దున గవరమ్మ లేవకముందే అప్పన్న ఒక్కడే మట్టికి వెళ్ళాడు. వచ్చి తట్ట దించితే మట్టి మీద నల్లగా ఏదో కదిలింది. గవరమ్మ ఎలకేమో అనుకుని చీపురు తీసింది. ఎలక కాదు, కుక్కపిల్ల. ఆడపిల్ల. ముందు కాల్లో తుమ్మముల్లు విరిగి, చీము పట్టింది. మట్టిగోతిలో పడి ఏడుస్తోందట. ఏడుపు ఆయనకి వినపడలేదు, నోరు తెరిచి ఉండటం కనపడింది. అంతే, తట్టలో వేసుకుని వచ్చేశాడు.

"మనకెందుకిది?" అని గవరమ్మ చేతులు తిప్పింది.

అప్పన్న నవ్వి, ముల్లు తీసి, పసుపు పెట్టి, గుడ్డ చుట్టాడు. ఆ తర్వాత దానికి పేరు పెట్టాడు. ఆయన చేసే వాటిల్లో అన్నిటికన్నా చిన్నది పిడత. గుప్పెట్లో పట్టేంత కుండ. దీనికీ అదే పేరు. పిడత!

దానికని ఒక మూకుడు కూడా చేశాడు. అంచు మీద నాలుగు పువ్వులు గీసి మరీ చేశాడు. గవరమ్మ మూతి ముడుచుకుంది. తను తినే కంచం మీద కూడా పువ్వుల్లేవు మరి.

పిడత కాలు బాగుపడింది. అదే వచ్చిన చిక్కు. కాలు బాగుపడితే కుక్కపిల్ల ఊరుకుంటుందా?

ముందు ఏం చేసిందంటే, వాకిట్లో పచ్చి కుండలు ఆరబెట్టి ఉంటే, సీతాకోకచిలక వెంటపడి వాటి మీదుగా పరిగెత్తింది. అటు నుంచి ఇటు ఒకసారి, ఇటు నుంచి అటు ఒకసారి. పదహారు కుండలు చతికిలబడిపోయాయి. మిగిలినవాటి మీద చిన్న చిన్న కాలిగుర్తులు. నవ్వకు! రెండు రోజుల పని అది. గవరమ్మ ఆ మట్టంతా మళ్ళీ తొక్కింది.

ఆ తర్వాత పక్కింటి వీరమ్మ చాప మీద ఎండబెట్టుకున్న ఉప్పుచేపలు తినేసింది. తిన్నన్ని తిని, తినలేనివి తెచ్చి గవరమ్మ గడప దగ్గర పెట్టింది. వీరమ్మ వచ్చి చూసింది. ఇక చూస్కో, వీధి వీధంతా వినపడేట్టు తిట్టింది. అప్పన్నకి తప్ప.

ఆ తర్వాత సంత బండి వచ్చింది. నెలకోసారి వచ్చి కుండలన్నీ ఎత్తుకుని సంతకి తీసుకెళ్ళే బండి. కాల్చిన కుండలు గడ్డిలో పేర్చి, తాళ్ళు కట్టి, అంతా అయ్యాక, పిడత ఉత్సాహం పట్టలేక ఎద్దు కాళ్ళ మధ్యకి దూరి భౌమంది. ఎద్దులు బెదిరాయి. బండి ఒక పక్కకి ఒరిగింది. ఇక ఆ చప్పుడు అడక్కు. నెల్లాళ్ళ కష్టం, మట్టి తెచ్చిన దగ్గర నుంచి ఆవంలో కాల్చే దాకా పడ్డ కష్టం, పెంకులై వాకిట్లో పడింది.

గవరమ్మ ఆ పెంకుల మధ్య కూలబడి ఏడ్చింది. అప్పన్న పెంకులన్నీ ఊడ్చి పోశాడు. పిడత మంచం కింద దూరి సాయంత్రం దాకా బయటికి రాలేదు.

"అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి" అని గవరమ్మ వేలు చూపించి చెప్పింది. ఈ మాట చెవుల్లేకపోయినా అర్థమవుతుంది.

అప్పన్న నెమ్మదిగా తలూపాడు.

తెల్లారింది. గవరమ్మ ఒక తాడు తీసి గుమ్మం పక్కన పెట్టింది. పిడతని ఏటవతల ఎవరికైనా ఇచ్చేయమని పడవవాడికి అప్పజెప్పాలని ఆమె ఆలోచన. ముందు వాణ్ణి అడిగి వద్దామని రేవుకి వెళ్ళింది. "తీసుకురా, ఎక్కించుకుంటాను" అన్నాడు పడవవాడు. సరేనని వెనక్కి వచ్చింది.

ఇంటి ముందుకి వచ్చేసరికి, తడిక దగ్గర ఎవరో ముసలావిడ నిలబడి ఉంది. పెరుగుకి కుండ కావాలని వచ్చింది. "అప్పన్నా! ఓ అప్పన్నా!" అని పిలుస్తోంది. అప్పన్న సారె ముందు ఇటు వీపు పెట్టి కూర్చున్నాడు.

'ఎక్కడ వినపడుతుంది పాపం' అనుకుంటూ గవరమ్మ అడుగు ముందుకేసింది.

అప్పుడు పిడత లేచింది. తడిక వైపు చూసింది. వెళ్ళి అప్పన్న మోకాలిని మూతితో ఒక్క పోటు పొడిచింది. అప్పన్న దాని మొహం చూసి, అది చూసే వైపు చూసి, ముసలావిణ్ణి చూశాడు. సారె ఆపి, లేచి వచ్చాడు. ఏమీ విచిత్రం జరగనట్టే, ఏ కుండ కావాలో వేలితో చూపించమన్నాడు. ముసలావిడ కుండ తీసుకుని వెళ్ళిపోయింది.

గవరమ్మ తడిక చాటునే నిలబడిపోయింది. ఇది ఎన్నాళ్ళ నుంచి జరుగుతోంది? ఆ కుక్కకి ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. ఈయన పలకడని అది తనంతట తనే కనిపెట్టింది. గవరమ్మ పెంకులు లెక్కపెట్టుకుంటూ ఇది చూడలేదు, అంతే.

అప్పన్న మళ్ళీ వెళ్ళి సారె ముందు కూర్చున్నాడు. ఇటు వీపు పెట్టి.

గవరమ్మకి తనూ పిలిచి చూడాలనిపించింది. పిలవాలంటే సిగ్గేసింది కూడా. అలవాటు తప్పిపోయిన మాట కదా. గొంతు సవరించుకుని, మెల్లిగా పిలిచింది.

"మావా!"

పిడత చెవులు లేపింది. వెళ్ళి మోకాలు పొడిచింది. అప్పన్న తిరిగాడు. అయిదేళ్ళ తర్వాత, ఆమె పిలిస్తే ఆయన తిరిగి చూశాడు.

"పిలిచావా?" అన్నాడు.

గవరమ్మ లేదన్నట్టు చెయ్యి ఊపింది. ఆయన అటు తిరగ్గానే మళ్ళీ "మావా" అంది. ఆయన మళ్ళీ తిరిగాడు. మూడోసారి కూడా పిలిచింది. పని లేదు, పాటు లేదు, ఊరికే. మూడోసారి ఆయనకి కోపం వచ్చి, "ఏంటే నీ గోల, మట్టి ఆరిపోతోంది" అన్నాడు. ఆ విసుగు వినడానికి ఆమెకి ఎంత బాగుందో!

గుమ్మం పక్కన పెట్టిన తాడుని తీసుకెళ్ళి దండెంగా కట్టేసింది.

ఆ తర్వాత గవరమ్మ కొంచెం కొంచెంగా బయటికి వెళ్ళడం మొదలుపెట్టింది. ముందు ఏటికి వెళ్ళి, తొందర లేకుండా నలుగురితో మాట్లాడుతూ నీళ్ళు తెచ్చుకుంది. ఆ తర్వాత సంతకి వెళ్ళి గాజులు వేయించుకుని వచ్చింది. అప్పన్న మట్టికి వెళితే పిడత ఆయన వెనకే నడిచేది. బండి వస్తే ఆయన కాళ్ళకి అడ్డం తిరిగి, ఆయన్ని గట్టు మీదకి నెట్టేది.

అప్పుడు అక్క దగ్గర నుంచి కబురొచ్చింది. అక్క కూతురు పైడమ్మకి నెలలు నిండాయి, పురుడు పొయ్యాలి, తోడుకి మనిషి లేదు. గవరమ్మ సంగతంతా సైగలతో చెప్పి మొగుడి వైపు చూసింది. అప్పన్న పిడత తల మీద చెయ్యి వేసి, "మేం ఉంటాం, నువ్వెళ్ళు" అన్నాడు.

వెళ్ళింది. పడవ దిగేసరికి అక్క రేవులోనే ఉంది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చారు. పైడమ్మకి ఆడపిల్ల పుట్టింది. గవరమ్మ పది రోజులు ఉండి, బిడ్డకి నలుగు పెట్టి, నీళ్ళు పోసి, సాంబ్రాణి వేసి, వేలు పట్టించుకుని తనివితీరా ముద్దాడి వచ్చింది. వచ్చి చూస్తే ఇల్లు చిందరవందర. పొయ్యి మీద అన్నం మాడి ఉంది. కానీ అప్పన్న ఒంటి మీద ఒక్క దెబ్బ లేదు. పిడత ఆమెని చూసి ఒళ్ళంతా తిప్పుకుంటూ, ఆమె కొత్త చీర మీద నాలుగు బురద కాళ్ళూ పెట్టింది. గవరమ్మ తిట్టింది. తిడుతూనే కౌగిలించుకుంది.

అలాగని అంతా బాగుందనుకోకు. నెల తిరక్కుండా బారసాలకి పిలుపు వచ్చింది. వస్తే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కలిసే రావాలంది అక్క. పిడతని ఎక్కడ పెట్టాలి? పడవవాడు ఎక్కించుకోనన్నాడు. మొదట ఒప్పుకున్నవాడే! ఆ మధ్య ఒకసారి అది రేవులో వాడి చద్దిమూట లాక్కుపోయిందిలే. వీరమ్మని అడిగితే, "మీ కుక్కకి నేను కాపలా ఉండాలా? నా చేపల మాట మర్చిపోయావా ఒదినా?" అంది. చివరికి ఇద్దరూ వెళ్ళలేదు. అక్కకి కోపం వచ్చింది. "కుక్క కోసం నా మనవరాలి బారసాల మానేశావా?" అని కబురు పంపింది. గవరమ్మ ఆ రోజు పిడతకి అన్నం పెట్టింది కానీ, మొహం చూడకుండా పెట్టింది.

అలా పిడత వచ్చి రెండేళ్ళు దాటాయి. నిద్రొస్తోందా? ఇంకొంచెం ఉంది. అసలు సంగతి ఇప్పుడే.

ఒకరోజు ఒక గొర్రెల కాపరి దాహానికి వాళ్ళ తడిక దగ్గర ఆగాడు. భుజాన గొంగళి, చేతిలో కర్ర. పేరు బీరయ్య. ఊరి బయట అతని మంద దిగి ఉంది. గవరమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. అతను తాగుతూ తాగుతూ ఆగిపోయాడు. పిడత కుడి చెవి వైపు చూశాడు. ఆ చెవికి పైన చిన్న గాటు ఉండేది.

అతను నాలుక మడిచి ఒక ఈల వేశాడు. పిడత తటాలున లేచి అతని దగ్గరికి పరిగెత్తింది. అతని కాళ్ళు వాసన చూసి, గొంగళి వాసన చూసి, తోక ఊపింది.

"అక్కా, ఇది నా కుక్క" అన్నాడు బీరయ్య. "ఈ గాటు నేను పెట్టిందే. రెండెండాకాలాల కింద ఈ దారినే పోతుంటే పిల్ల తప్పిపోయింది. రెండ్రోజులు వెతికాను. దీని తల్లి మా మందకి కాపలా ఉండేది. మొన్న వానల్లో అది చచ్చిపోయింది. ఇప్పటికి ఏడు గొర్రెపిల్లల్ని తోడేళ్ళు ఎత్తుకెళ్ళాయి. దీన్ని నాకిచ్చెయ్యక్కా."

గవరమ్మ అతన్ని తేరిపారా చూసింది. అతను దొంగలా లేడు. అబద్ధమూ చెప్పట్లేదు. కుక్క అతనిదే. ఏం చెయ్యాలి? ఆమెకి ఒక ఉపాయం తోచింది.

"అయ్యో అన్నా, దీన్ని తీసుకెళ్ళి ఏం బాగుపడతావు?" అంది. "ఒట్టి పనికిమాలిన కుక్క. పచ్చి కుండలన్నీ తొక్కేస్తుంది. పక్కింటి చేపలు తినేస్తుంది. దీని మూలంగా నెల్లాళ్ళ కుండలు ఒక్కపూటలో పెంకులైపోయాయి. పడవవాడి చద్ది లాక్కుపోయింది. ఇంట్లో వెంట్రుకలు, వాకిట్లో గోతులు. వానొస్తే కంపు. మాకు నాలుగు ముద్దలుంటే అందులో ఒకటి దీనికే. దీన్ని పట్టుకుని ఏ శుభకార్యానికీ వెళ్ళలేకపోతున్నాం. దీని కోసం మా అక్కకీ నాకూ మాటల్లేకుండా పోయాయి. నీ గొర్రెల్ని ఇదే తినేస్తుందన్నా!"

బీరయ్య అంతా విన్నాడు. విని, "ఇన్ని తిప్పలు పెడుతుంటే ఎందుకక్కా నీకీ పీడ? నేను తీసుకుపోతే నీకూ హాయి కదా" అన్నాడు. నడుముకి చుట్టుకున్న తాడు విప్పి పిడత మెడకి కట్టాడు.

గవరమ్మకి తను చెప్పిన మాటలే అడ్డం తిరిగాయి.

అప్పన్న ఇందాకటి నుంచి ఈమె మొహం చూస్తున్నాడు, అతని మొహం చూస్తున్నాడు. ఏం మాట్లాడుకుంటున్నారో తెలియట్లేదు. తాడు కట్టడం చూసి మాత్రం తెలిసింది. దాని చెవి గాటు మీద అతని వేలు ఉండటం చూసి, అతను ఎవరో కూడా తెలిసింది. ఆయన దెబ్బలాడలేదు. లోపలికి వెళ్ళాడు. పిడత మూకుడు తెచ్చి, తుడిచి, బీరయ్య సంచిలో పెట్టాడు. "ఇందులో పెడితేనే తింటుంది" అన్నాడు.

అది చూశాక గవరమ్మ ఆగలేకపోయింది.

"అన్నా, నేను చెప్పినవన్నీ నిజాలే" అంది. "కానీ ఇంకొకటి చెప్పలేదు. ఆయనకి చెవులు వినపడవు. అయిదేళ్ళు నేను పిలిస్తే తిరిగి చూసేవాడు కాదు. ఇప్పుడు తిరుగుతాడు. అంతే అన్నా. ఇంకే లాభమూ లేదు దీంతో."

బీరయ్యకి అర్థం కాలేదు. అప్పుడు గవరమ్మ అప్పన్నని సారె దగ్గరికి వెళ్ళమని సైగ చేసింది. ఆయన వెళ్ళి అటు తిరిగి కూర్చున్నాడు. "మావా" అని పిలిచింది. పిలుపు పిలుపులా రాలేదు, ఏడుపులా వచ్చింది. పిడత మెడలో తాడుతోనే, ఆ తాడు బీరయ్య చేతిలోంచి లాక్కుని వెళ్ళి, అప్పన్న మోకాలు పొడిచింది. ఆయన తిరిగాడు.

బీరయ్య అరుగు మీద కూర్చుండిపోయాడు. చెంబులో మిగిలిన నీళ్ళు తాగాడు. గొంగళి తీసి పక్కన పెట్టాడు. పిడతని దగ్గరికి పిలిచి, దాని పొట్ట నిమిరాడు. జంతువుల మధ్య పుట్టి పెరిగినవాడు కదా, చేతికి తెలిసిపోయింది.

"ఇది కడుపుతో ఉందక్కా" అన్నాడు.

గవరమ్మ కళ్ళు తుడుచుకుంది.

"సరే. ఇది ఇక్కడే ఉండనీ. ఎన్ని పిల్లలు పుడితే అందులో రెండు నావి. కోతలయ్యాక ఈ దారినే వెనక్కొస్తాను. అప్పటిదాకా తోడేళ్ళ సంగతి నేనే చూసుకుంటాను" అన్నాడు. మూకుడు సంచిలోంచి తీసి అప్పన్న చేతికి తిరిగిచ్చాడు. పిడత మెడలో తాడు విప్పుకుని, మంద దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత పిడత మూడు పిల్లల్ని పెట్టింది. ఒకటి బూడిదరంగు, ఒకటి మచ్చలది, ఒకటి తల్లిలా నల్లది. ఒక్క పిడత ఉంటేనే పదహారు కుండలు పోయాయి కదా, నాలుగుంటే ఇంకెంత? ఆ పిల్లలున్న నాలుగు నెలలూ అప్పన్న కుండల్ని ఇంటి కప్పు మీద ఆరబెట్టుకున్నాడు!

మూడింట్లో నల్లదే గడుసుది. ఎవరికీ జంకేది కాదు. ఎద్దు ఎదురొచ్చినా పక్కకి తప్పుకునేది కాదు. గవరమ్మ కొంగు పట్టుకుని ఇల్లంతా తిరిగేది. ఆమె కూర్చుంటే ఒళ్ళో, నిలబడితే కాళ్ళ మీద. దాన్ని చూస్తే ఆమెకి ఆకలి తెలిసేది కాదు.

కోతలయ్యాయి. ఏటి దిగువన మంద దుమ్ము లేచింది. బీరయ్య వస్తున్నాడు.

అప్పుడు వీరమ్మ గోడ మీద నుంచి తొంగి చూసి, "ఒదినా, ఆ నల్లదాన్ని మా ఇంట్లో దాస్తాను. రెండే పుట్టాయని చెప్పు. రెండూ ఇచ్చెయ్యి. అతనికేం తెలుస్తుంది?" అంది. వీరమ్మే! అంత తిట్టిన మనిషే, ఇప్పుడు రోజూ చేప తలకాయలు దాచి ఆ పిల్లకి పెడుతోంది.

గవరమ్మ నల్లదాన్ని ఎత్తుకుని వీరమ్మ గుమ్మం దాకా వెళ్ళింది. అది ఆమె గెడ్డం నాకింది. గుమ్మంలో నిలబడి ఆలోచించింది. పిడతని తన చేతిలో పెట్టి, తోడేళ్ళ మధ్యకి ఒట్టి చేతులతో వెళ్ళిన మనిషి. మాట మీద నమ్మకంతో మళ్ళీ ఈ దారినే వస్తున్నాడు. అతనికి ఈ అబద్ధం ఎలా చెప్పడం?

వెనక్కి వచ్చేసింది.

బీరయ్య వాకిట్లో కూర్చున్నాడు. ఇంకో మూడు గొర్రెపిల్లలు పోయాయన్నాడు. ఎవరి మీదా నిష్ఠూరం లేకుండా చెప్పాడు. "ఏ రెండిస్తావక్కా? నీ ఇష్టం. మిగిలింది నువ్వుంచుకో" అన్నాడు.

గవరమ్మ మచ్చలదాన్ని ముందు ఇచ్చింది. ఆ తర్వాత బూడిదరంగు దాని వైపు చూసింది. నల్లదాని వైపు చూసింది. బూడిదరంగుది నెమ్మదైంది. ఉరిమితే పొయ్యి వెనక దాక్కుంటుంది.

నల్లదాన్ని ఎత్తి అతని ఒళ్ళో పెట్టింది.

"తోడేళ్ళకి ఎదురు నిలవాలంటే ఇదే కావాలన్నా" అంది.

ఆ తర్వాత పెరుగన్నం కలిపి రెండింటికీ ముద్దలు తినిపించింది. బీరయ్య వాటిని గొంగళిలో చుట్టుకుని బయల్దేరాడు. గవరమ్మ కూడా నడిచింది. తడిక దాకా అనుకుంది, రేవు దాకా వెళ్ళింది. రేవు దాటి తుమ్మల దాకా వెళ్ళింది. "నల్లది కడుపు నిండినా తిండి అడుగుతుంది, పెట్టెయ్యకు. మచ్చలదానికి పాలు పడవు. వానలో తడవనియ్యకు" అని చెబుతూనే ఉంది. బీరయ్య అన్నిటికీ "అలాగేనక్కా, అలాగే" అన్నాడు.

మూడు రోజులు పిడత ఇల్లంతా వెతికింది. మంచం కింద చూసింది, కుండల వెనక చూసింది, ఆవం బూడిద తవ్వి చూసింది. గవరమ్మ కూడా దాని వెనకే తిరిగింది. మూడో రోజు ఇద్దరూ అలిసిపోయి వాకిట్లో పడుకున్నారు. కుండ పగిలితే మళ్ళీ చేసుకోవచ్చు, చేప పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు. ఇదొక్కటే దేంతోనూ పూడదని గవరమ్మకి అప్పుడు తెలిసింది. బూడిదరంగు పిల్ల వచ్చి ఇద్దరి మధ్యలో దూరింది.

ఏడాది తిరిగింది. ఒక సాయంత్రం ఏటవతలి గట్టు మీద మంద కదిలిపోతోందని తెలిసి, గవరమ్మ పిడతని తీసుకుని రేవుకి పరిగెత్తింది. ఏడాదిలో నల్లదాన్ని ఎన్నిసార్లు తలుచుకుందో! గొర్రెలు బారులు తీరి పోతున్నాయి. వాటి ముందు ఒక నల్ల కుక్క నడుస్తోంది. ఎంత పెద్దదైపోయింది! మెడకి ముళ్ళ పట్టీ, భుజం మీద మానిపోయిన గాయం మచ్చ.

"నల్లమ్మా!" అని గవరమ్మ చేతులు నోటికి అడ్డం పెట్టి పిలిచింది.

కుక్క ఆగింది. ఇటు చూసింది. తోక ఒక్కసారి ఊపింది. అంతలో ఒక గొర్రెపిల్ల గట్టు మీంచి కిందికి జారబోయింది. నల్లది చటుక్కున తిరిగి, దాన్ని మందలోకి తోసి, ముందుకి నడిచింది. మళ్ళీ వెనక్కి చూడలేదు. దానికి పని ఉంది.

మంద వెనక బీరయ్య వస్తున్నాడు. గవరమ్మని చూసి కర్ర పైకెత్తాడు. "ఈ ఏడు ఒక్క పిల్ల కూడా పోలేదక్కా!" అని అరిచాడు. ఏటి మీదుగా ఆ మాట స్పష్టంగా వినపడింది.

గవరమ్మ నవ్వింది. నవ్వుతుంటేనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మంద దుమ్ములో కలిసిపోయేదాకా చూసి, కొంగుతో మొహం తుడుచుకుని, వంగి పిడత వీపు నిమిరింది.

"చూశావా నీ కూతుర్ని? ఎంత పనిమంతురాలో! పద, ఇంటికి పోదాం. మావకి ఆకలేస్తుంటుంది."

ఇద్దరూ మెల్లిగా ఇంటి దారి పట్టారు.

కథేమో కంచికి పోయె,
మందేమో మెట్టకి పోయె,
పిడతేమో గడపకి చేరె,
మనమేమో ఇంటికి చేరగ,
కునుకేమో మా చిట్టి కంటికి చేరె.